వదినకి తెచ్చిన జనరేటరు

పోతురాజని, కొల్లాటోళ్ళ పోతురాజు, కాలవ అవతలి ఊళ్ళో రొయ్యల చెరువు చేసేవాడు. ఊరి పేరు అడక్కండి, ఆ మనుషులింకా ఉన్నారు. రెండెకరాల చెరువు, అందులో నీళ్ళు చిలికే చక్రాలు ఎనిమిది. కరెంటు పోయిందనుకో, చక్రాలాగిపోతాయి. చక్రాలాగితే రొయ్యకి ఊపిరాడదు, గంటా రెండు గంటల్లో పైకి తేలి చస్తది. అందుకని గట్టు మీద డీజిలు జనరేటరొకటి పెట్టాడు, మూడు ఫేజులది. చుట్టుపక్కల ఎవరి మోటారు మొరాయించినా పోతురాజునే పిలిచేవాళ్ళంట. చెయ్యి పెట్టాడంటే ఆడాల్సిందేనని పేరు. ఆ పేరే... సరే, అక్కడికే వస్తున్నా.

ఆడికి తల్లి లేదు. ఐదేళ్ళప్పుడు అన్న సుబ్బారాయుడికి పెళ్ళైతే, వచ్చిన వదిన నాంచారమ్మే అన్నం కలిపి పెట్టి పెంచింది. ఆమెకి పొయ్యి పొగకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. రెండేళ్ళుగా మంచం పక్కన ఆక్సిజన్ మిషను, ముక్కుకి గొట్టం. మిషను అద్దెకి తెచ్చింది, కరెంటు మీద ఆడేది. ఆ గొట్టంతోనే నవ్వేదంట మనిషి. "ఒరే పోతురాజూ, నీ రొయ్యలకీ నాకూ ఒకటే జబ్బురా. కరెంటు పోతే అందరం నోళ్ళు తెరవాల్సిందే" అనేదంట. "నువ్వు రొయ్యకంటే గట్టిదానివిలే వదినా" అనేవాడు ఆడు.

ఏమైందంటే, కార్తీకమాసంలో తుఫానొచ్చింది. కరెంటు స్తంభాలు వరసన పడుకున్నాయి. రోడ్డుకడ్డంగా తాడిచెట్లు పడ్డాయి. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరొకటుంది, దాంతో ఒక రోజు గడిచింది. రెండోరోజు పొద్దున పదింటికి సుబ్బారాయుడు చెరువు దగ్గరికొచ్చాడంట. చక్రాల వంక చూస్తాడు, జనరేటరు వంక చూస్తాడు. ఏంటన్నా అంటే, "సిలిండరు ముల్లు కిందికొచ్చేసిందిరా. మీ వదిన నిన్ను అడగొద్దంది. రొయ్యల పట్టుబడికి పదిరోజులే ఉందంట కదా" అన్నాడు. పోతురాజు వెళ్ళి జనరేటరు ఆపేశాడు. ఎనిమిది చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి నిలబడ్డాయి. ఆడు అటు చూడనేలేదంట. చూస్తే మళ్ళీ వేస్తానేమోనని భయం, అంతే.

ట్రాక్టరుకి కట్టి, చెట్లు తప్పించుకుంటూ పొలాలకడ్డంపడి ఇంటికి తెచ్చాడు. ఇక్కడ బాగా వినండి. ఆ జనరేటరుకి బోల్టులు నాలుగుంటాయి. మూడిట్లో కరెంటొస్తది, నాలుగోది న్యూట్రలు. ఇంటికి ఆ మూడిట్లో ఒకటీ, ఈ నాలుగోదీ ఇవ్వాలి. చెరువు చక్రాలకి నాలుగోదాంతో పనిలేదు, మూడూ బిగిస్తే తిరుగుతాయి. అందుకని జనరేటరు కొన్న ఏడేళ్ళూ అది ఖాళీగానే ఉంది, తుప్పు పట్టి. పోతురాజు లెక్కలో అది ఉత్త బోల్టు. ఇంటికి రెండు వైర్లు కావాలి, కరెంటొచ్చేవి మూడున్నాయి, అందులో రెండు తీసి బిగించేశాడు. సుబ్బారాయుడన్నాడంట, "ముందు బల్బొకటి వేసి చూద్దాంరా" అని. "ఎనిమిది చక్రాలు తిప్పేవాణ్ణి, నాకు బల్బేసి చూపిస్తావా! అక్కడ వదిన ఊపిరందక ఎగరోజుతుంటే" అని కసిరాడంట ఆడు. నిజమే, ఎగరోజుతోంది.

స్విచ్చేశాడు. మిషను బొయ్యిమని లేచింది. నాంచారమ్మ కళ్ళు తెరిచింది కూడానంట. ఫాను రెక్కలు ఎన్నడూ లేనంత జోరుగా తిరిగాయి, బల్బు తెల్లగా మండి పగిలిపోయింది, మిషనులోంచి పొగొచ్చింది. అంతా కలిపి నాలుగైదు గుక్కల సేపు. పోతురాజు పరిగెత్తి ఆపేశాడు. మళ్ళీ వేస్తే ఏముంది, మిషను కాలిపోయింది.

అదే ట్రాక్టరు తొట్టిలో పరుపేసి టౌనుకి బయల్దేరారు. రెండు మైళ్ళు పోయేసరికి అడ్డంగా తాడిచెట్టు, పక్కకి తప్పుకునే దారిలేదు. పోతురాజు గొడ్డలితో నరుకుతా ఉంటే ఆమె చేత్తో పిలిచిందంట. దగ్గరికెళ్ళి వంగాడు. "రొయ్యలు?" అంది. అంతే, ఒక్క మాట. "బాగున్నాయి వదినా, చక్రాలు తిరుగుతున్నాయి" అన్నాడంట. "అబద్ధాలకోరు" అని నవ్వబోయింది. ఆ చెట్టు తెగకముందే పోయింది. మధ్యాహ్నం రెండున్నర. చెరువు కూడా అప్పటికి తెల్లగా తేలిపోయింది.

మిషను తుఫాను తడికి కాలిందని ఒకరు, అద్దె మిషను పాతదని ఒకరు, నోటికొచ్చిందల్లా అన్నారు. ఆడికీ తెలియదు పాపం, ఆడూ మిషనునే తిట్టుకున్నాడు. పదకొండోరోజు ఇంటి ముందు జనం భోజనాలకి కూర్చుని ఉండగా, మిషను తీసుకెళ్ళడానికి టౌన్నించి మెకానిక్కొచ్చాడు. రేకు విప్పి చూసి, "ఏవండీ, రెండొందల ముప్ఫై ఇవ్వాల్సిన దీనికి నాలుగొందల వోల్టులిచ్చారు. ఫేజుకి ఫేజు కలిపిందెవరు?" అన్నాడంట, అందరికీ వినబడేలా. పంక్తిలో చేతులాగిపోయాయి. పోతురాజు మొహం చూడాలి మీరు. అప్పుడు తెలిసింది ఆడికి. లేచి, "అన్నా, నేను..." అన్నాడు.

సుబ్బారాయుడు విస్తట్లో అన్నం వడ్డిస్తున్నాడు. తలెత్తలేదంట. "కరెంటోళ్ళ పని బాబూ. తుఫానుకి తీగలు కలిసిపోయి, ఒక్కసారిగా వచ్చిపడింది" అన్నాడు మెకానిక్కుతో. తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు కూర్చోరా. పొద్దుట్నించీ ఏం తినలేదు" అన్నాడు.

ఎదురుగా స్తంభం ఇంకా మురిక్కాలవలో పడే ఉంది. ఊరికి కరెంటొచ్చింది మరో నాలుగు రోజులకి. పంక్తిలో ఉన్న నలభై మందికీ తెలుసది. ఎవరైనా కాదన్నారా అంటే, లేదు. "అవునవును, కరెంటోళ్ళే" అని ఓ ముసలాయన మజ్జిగ పొయ్యమన్నాడంట. నేనూ అక్కడ తిన్నవాణ్ణే, నేనూ అన్నాను. ఆ ఊరెప్పుడైనా వెళ్ళి, అడిగితే, మీరూ అదే అనండి.