కుట్టు లేని బట్ట

మంజీర పొంగి ఎల్లారెడ్డి తొవ్వ తెగిన ఏడాది, కామారెడ్డి దర్జీ ఘనీ, ఆయన భార్య సాలెహా హజ్ పోనీకి సామాను సదురుతున్నరు. కొడుకు ఇప్పిచ్చిన బ్యాంకు కార్డు ఘనీ చేతుల ఉంది.

"దీంతోని అక్కడ రియాళ్లు తీసిన ప్రతిసారి బ్యాంకోళ్లు ఫీజు పట్టుకుంటరట."

"మరెట్ల?"

"దిగంగనే అన్ని పైసలు ఒక్కసారే తీస్త. ఫీజు ఒక్కసారే పోతది."

"నలభై రోజుల పైసలు ఏడ దాస్తరు?"

"ఊరందరి అంగీలకు లోపల చోర్‌జేబులు కుట్టినోన్ని, నాకు నేను కుట్టుకోలేనా?"

"దిగేటప్పుడు మీ ఒంటి మీద ఉండేది హజ్‌కు కట్టుకునే ఇహ్రామే గదా. మగోళ్ల ఆ బట్టకు ఒక్క కుట్టు కూడ ఉండొద్దు."

ఘనీ భుజం మీది రుమాలు తీసిండు.

"రుమాల్ల మూట కడత."

"దోమకొండ అంగడికి గట్లనే కట్టుకపోయిండ్రు. మూట రాలే, రుమాలూ రాలే."

"అయితే నువ్వే చెప్పు."

"ఆడోళ్ల బట్టకు కుట్టు ఉండొచ్చు."

"పైసలు నీ దగ్గరనా?"

"వద్దంటే దినానికోసారి ఫీజు కట్టుండ్రి."

పెండ్లయినకాడి నుంచి ఇంటి పైసలు ఘనీ జేబు దాటలేదు. ఆయన టేపును వేలికి చుట్టుకుంట కూసున్నడు.

తెల్లారి దుకాణం తెరిచి, సాలెహా బురఖాకు లోపల జేబు కుట్టిండు. ముందు తన చెయ్యి పట్టేటట్టు కుట్టిండు. కాసేపు దాన్నే చూసి, కుట్లు విప్పి, సాలెహా చెయ్యి ఒక్కటే పట్టేటట్టు మళ్ల కుట్టిండు.