పురుషోత్తమ్ గారు వెనక్కి తీసుకోలేకపోయిన మాట

1993 జూన్ 21, సోమవారం ఉదయం, చింతామణి తాలూకాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో శ్రీ పురుషోత్తమ్ గారు సహోపాధ్యాయులుగా ఉద్యోగంలో చేరారు. ఈ జూన్ 30న బాగేపల్లి తాలూకా గూళూరు హోబళిలోని మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులుగా, పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికలోని తక్కిన వ్యాసాలన్నీ కన్నడంలో ఉన్నాయి. నన్ను తెలుగులో రాయమన్నది ఆయనే. "బడిలో కన్నడంలో పాఠం చెప్పినాము, బడి బయట తెలుగులో బతికినాము. నా కథ బయట జరిగిందప్పా" అన్నారు. ఇంకొక షరతు కూడా పెట్టారు: "అర్పిత సంగతి రాయకుంటే నా పేరు మీద ఈ పుస్తకమే వద్దు." అర్పిత గత ఏడాది మా బడిలో పదో తరగతిలో ఉన్న అమ్మాయి. అభినందన వ్యాసంలో సిగ్గుకు చోటు కల్పించడం వాడుక కాదు. కానీ ఆ సిగ్గును తీసివేస్తే నాకు తెలిసిన పురుషోత్తమ్ గారిలో సగం మాత్రమే మిగులుతుంది.

చింతామణిలో పనిచేసిన కాలంలో ఆయన పిల్లలను టమాటా మార్కెట్టుకు తీసుకువెళ్ళి, వేలం పాట ముందు నిలబెట్టి, ధర అంటే ఏమిటో చూపించేవారట. బి.ఎడ్. పూర్తిచేసి, పదోన్నతి పొంది, గౌరిబిదనూరు తాలూకాలోని ఉన్నత పాఠశాలకు వెళ్ళారు. అక్కడ ప్రార్థన తర్వాత దినపత్రిక చదివి వినిపించే బాధ్యతను స్వీకరించారు. 2011లో బదిలీపై మా బడికి వచ్చారు. వచ్చిన వారంలోనే ప్రధానోపాధ్యాయిని హేమావతి గారి అనుమతితో కార్యాలయం పక్క గోడకు ఒక నల్లబల్ల కొట్టించారు.

ఆ బల్ల మీద ప్రతి సోమవారం ఒక వార్త, దాని కింద తన అభిప్రాయం, దాని కింద తన సంతకం ఉండేవి. కుడివైపు ఒక గడి గీసి 'ఎదురుమాట' అని పేరు పెట్టారు. కాదనదలచినవారు, విద్యార్థులైనా సరే, అందులో సుద్దముక్కతో రాయవచ్చు. ఇంకొక నియమం ఏమిటంటే, పిల్లలు ఆ అభిప్రాయాన్ని ఆ సాయంత్రం ఇంటికి మోసుకుపోయి, కన్నడం చదవలేని పెద్దలకు తెలుగులో చెప్పి, వారేమన్నారో మరునాడు తరగతిలో వినిపించాలి. ఆ విధంగా ఆయన మాట బడి గడప దాటి, అన్నం తినే వేళకు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ చేరేది.

ఆయన అభిప్రాయాలు మెత్తనివి కావు. "ఐదేళ్ళకొకసారి మన వీధి పేరు గుర్తొచ్చేవారికి, మనమూ ఐదేళ్ళకొకసారే నమస్కారం పెడదాం" అని ఎన్నికల వేళ రాశారు. "టమాటా ధర పెరిగితే వార్త, పడిపోతే అలవాటు" అని ఒకసారి రాశారు. పొలాలు లేఅవుట్లవుతున్న రోజుల్లో, "భూమి అమ్మి కొన్న కారు, అమ్మిన భూమి మీదుగానే వెళ్ళాలి" అన్నారు. మమ్మల్నీ వదలలేదు. సర్కారు బడిలో జీతం తీసుకుని సొంత పిల్లలను కాన్వెంటుకు పంపే ఉపాధ్యాయుడు, తన హోటల్లో తాను తినని యజమాని వంటివాడన్నారు. నా ఇద్దరు పిల్లలూ అప్పుడు బాగేపల్లిలో కాన్వెంటుకు వెళ్తున్నారు. ఆ మధ్యాహ్నంలోగా ఎదురుమాట గడి మా రాతలతో నిండిపోయింది. హేమావతి గారైతే నేరుగానే అడిగారు.

"ఏమప్పా పురుషోత్తమ్, హోటలాయన ఇంట్లో పెండ్లాం వంట బాగుంటే తినగూడదా?"

"తినొచ్చు మేడం. అయితే బయట బోర్డు మీద 'ఇంటి భోజనం' అని రాయగూడదు."

ఉపాధ్యాయుల గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

గత ఏడాది బడి తెరిచిన కొత్తలో, సరిహద్దు ఉద్రిక్తతల వార్తలు ఇంకా చల్లారని ఒక సోమవారం, ఆయన ఇలా రాశారు: "దేశ భద్రత సైనికుడి ఒక్కడి పని కాదు. ఊరిలో కొత్త ముఖం కనిపిస్తే ఎవరని అడగడం పౌరధర్మం. మొహమాటపడేవాడు తలుపు లేని ఇల్లు." కింద సంతకం చేశారు. ఆ రోజు ఎదురుమాట గడి ఖాళీగా ఉంది. హోటల్ మాటకు గంటల్లో జవాబు రాసిన ఉపాధ్యాయులం అందరం దాని ముందు నుంచే తరగతులకు వెళ్ళాం. మన ఇంటికి తగిలిన మాటకు మనసు వెంటనే ఎదురు లేస్తుంది. ఇతరుల ఇంటికి తగలబోయే మాట దానికి సూక్తిలా వినిపిస్తుంది.

మా బడికి దగ్గరలో ఒక కోళ్ళ ఫారం ఉంది. అక్కడ పనిచేసే ఒడిశా కుటుంబంలోని అమ్మాయే అర్పిత. ఆరో తరగతి నుంచీ ఇక్కడే చదివింది. కన్నడం ముత్యాల్లా రాసేది, తెలుగు మా పిల్లల్లాగే మాట్లాడేది. ఆమె చిన్నాయన ఆ వారమే ఒడిశా నుంచి పనికి వచ్చాడు. బుధవారం సాయంత్రం ఊరి కుర్రవాళ్ళు కొందరు పాల డెయిరీ దగ్గర అతన్ని ఆపి ఎవరని అడిగారు. అతనికి ఒడియా తప్ప మరో భాష రాదు. కొట్టారు. అతను ఏడ్చాడు, ఆ ఏడుపు మధ్యలో వచ్చిన మాటలు అర్థం కానందుకు మళ్ళీ కొట్టారు. పోలీసులు వచ్చి, ఆధార్ కార్డు చూసి, ఫారం యజమానిని అడిగి, ఏ తప్పూ లేదని వదిలేశారు.

గురువారం ఉదయం పురుషోత్తమ్ గారు బస్సు దిగగానే టీ అంగడి దగ్గర ఎవరో అన్నారు: "మేష్ట్రే, మీ మాట పనిచేసింది. నిన్న ఒకన్ని పట్టినారు మనోళ్ళు!" ఆయన నవ్వారు. టీ కూడా తాగారు. తరగతికి వచ్చాక ఒక బెంచిలో చోటు ఖాళీగా కనిపించింది. అర్పిత ఎందుకు రాలేదని అడిగితే, పక్కన కూర్చునే అమ్మాయి తల వంచుకుని చెప్పింది. తర్వాత నాతో ఆయన అన్న మాట ఇది: "దేవరాజ్, కొట్టింది వాళ్ళు. నవ్వింది నేను."

మరునాడు ప్రార్థనలో ఆయన పిల్లల ముందు నిలబడి, ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో, సోమవారం రాసిన మాట తప్పని చెప్పారు. దీన్ని కూడా ఇంటికి మోసుకుపొమ్మన్నారు. శనివారం తరగతిలో ఇండ్లలో ఏమన్నారని అడిగారు. ఒక అమ్మాయి లేచింది.

"మా అవ్వ... 'మీ సార్ ని ఎవరో బెదిరిచ్చినారు పాపం' అనింది సార్."

మనిషి తనకు నచ్చిన మాటను విన్న మాటగా గుర్తుంచుకోడు. తానే అనుకున్న మాటగా గుర్తుంచుకుంటాడు. అందుకే ఇచ్చినవాడే వచ్చి తిరిగి ఇమ్మంటే, తన సొత్తు లాక్కుంటున్నట్టు తోస్తుంది. చదువుకున్న ఈ సత్యాన్ని నేను కళ్ళతో చూసింది ఆ నెలలోనే. ఆ సోమవారం మాట వల్ల పురుషోత్తమ్ గారి గౌరవం ఊళ్ళో తగ్గలేదు, పెరిగింది. స్వాతంత్ర్య దినోత్సవానికి శాలువా కప్పుతామని పెద్దలు కబురు పంపారు. ఆయన ఆ రోజు బడి జెండా వందనం ముగించుకుని, ఊళ్ళోకి వెళ్ళకుండా నేరుగా ఇంటికి వెళ్ళిపోయారు.

అర్పిత కుటుంబం అప్పటికే ఫారం విడిచి, శిడ్లఘట్టలో పట్టుదారం తీసే ఒక రీలింగు యూనిట్లో పనికి చేరింది. పరీక్ష రాయవలసిన ఏడాది ఆ అమ్మాయి బడి లేకుండా ఇంట్లో కూర్చుంది. ఆమెను తిరిగి తీసుకురావాలని ఆయన బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను. మేము వెళ్ళేసరికి, తలుపు దగ్గర కూర్చుని ఉన్న చిన్నాయన మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అర్పిత బయటికి వచ్చి నమస్కారం పెట్టింది. ఆయన క్షమించమని అడగబోయారు. ఆ అమ్మాయి మధ్యలోనే అందుకుంది.

"సార్, ఆ పొద్దు మీ మాట మా ఇంట్లో చెప్పింది నేనే. అందరూ చెప్పినట్టే నేనూ చెప్పినాను. మా చిన్నాయన అన్నం తింటా విన్నాడు. ఆయనకు తెలుగు రాదు కదా, నేనే ఒడియాలో చెప్పినాను."

"ఆయన ఏమన్నాడమ్మా?"

"'నిజమే, కొత్తోళ్ళు వస్తే అడగాల కదా' అన్నాడు సార్."

పురుషోత్తమ్ గారు చేతిలోని గొడుగు వైపు చూశారు. అప్పుడు అర్పిత తండ్రి బయటికి వచ్చాడు.

"మీ మింద కోపం లేదు సార్. మీరు వచ్చినారు. కొట్టినోళ్ళు రాలేదు. వచ్చే ఏడాదికి మీరు రిటైర్ అయి పోతారు, వాళ్ళు ఆడనే ఉంటారు. పాపను ఎవర్ని నమ్మి పంపేది?"

కొట్టినవారిలో ముందున్నవాడు నందీశ్. ఇప్పుడు టెంపో నడుపుతున్నాడు. ఒకప్పుడు పురుషోత్తమ్ గారికి ఇష్టమైన శిష్యుడు; ఎదురుమాట గడిలో అందరికంటే ఎక్కువగా రాసినవాడు. మేము వాడి ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ అక్కయమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"నందీశా, అడగమన్నానురా. కొట్టమన్నానా?"

"అడిగినాము సార్. ఏమో అన్నాడు, అర్థం కాలేదు. అర్థం కాకుంటే ఏం చేయాలో మీరు బోర్డు మింద రాయలేదు కదా."

"నేను రాయలేదు. తప్పే. ఇద్దరమూ చేసిన తప్పు ఇది, ఇద్దరమూ పోదాం రా. ఒక్కసారి అర్పిత చిన్నాయన ముందు నిలబడదాం."

నందీశ్ టెంపో వైపు కదిలాడు. అక్కయమ్మ చేతిలోని గింజను పక్కన పడేసి తలెత్తింది.

"మేష్ట్రప్పా, ఒక మాట చెప్తా వినండి. మీరు చెప్పినప్పుడు ఊరంతా బాగుండాది అనింది. ఇప్పుడు మా వోడు పోయి కాళ్ళు పట్టుకుంటే తప్పంతా వానిదే అయితాది. మీకు శాలువా, మా వోనికి మచ్చా? యాడి న్యాయం ఇది?"

నందీశ్ టెంపో ఎక్కి వెళ్ళిపోయాడు. నేటి వరకు శిడ్లఘట్టకు వెళ్ళలేదు. వెళ్ళాడని రాయగలిగితే ఈ వ్యాసం ఇంకొంచెం అందంగా ఉండేది. అవ్వ మాట మనసులో పెట్టుకుని పురుషోత్తమ్ గారు మా వీడ్కోలు సభలో తమకు శాలువా వద్దని ముందుగానే హేమావతి గారికి చెప్పి ఒప్పించారు. సభికులు దీన్ని నిరాడంబరత అనుకోవద్దని నా మనవి.

అర్పిత తిరిగి రాలేదు. ఆమె కోరిన టీసీ ఆయనే రాయించి, తీసుకువెళ్ళి ఇచ్చి, శిడ్లఘట్టలోని ఒక పాఠశాల వారిని బతిమాలి ఏడాది మధ్యలో చేర్పించారు. ఆదివారాలు సాంఘికశాస్త్రం చెబుతానంటే ఆ అమ్మాయి ఒప్పుకుంది గానీ, "ఇంటికి రావద్దు సార్, మీరొస్తే చిన్నాయన లోపలికి పోతాడు" అంది. అందుచేత పట్టుగూళ్ళ మార్కెట్టు ఎదుట ఉన్న టీ అంగడి బల్ల మీద, తండ్రి పక్కన కూర్చుని ఉండగా, ఆ పాఠాలు జరిగాయి. ఒక ఆదివారం పౌరుల ప్రాథమిక విధుల పాఠం వచ్చింది. ఆయన పుస్తకం మూసి, "ఇది నువ్వు నాకు చెప్పమ్మా" అన్నారట. ఆ అమ్మాయి చెప్పింది. మార్చిలో పరీక్ష రాసి మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలై, ఈ నెలలోనే పియుసిలో, అంటే ఇంటర్లో, చేరింది.

ఇది ఆయన విజయంగా ఎవరైనా సభలో చెప్పబోతే, దయచేసి చెప్పవద్దు. ఆయన మందలిస్తారు. ఆ తర్వాత కూడా బల్ల మీద రాయడం ఆయన మానలేదు. మానడం తప్పించుకోవడమే అవుతుందన్నారు. కానీ ఎదురుమాట గడిలో ఎవరైనా ఏదైనా రాసేదాకా తన మాట కింద సంతకం చేయలేదు, పిల్లలను ఇంటికి మోసుకుపొమ్మనలేదు. కొన్ని వారాలు ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆ వారాలు ఆ మాట బడిలోనే ఆగిపోయింది. అటువంటి వారాల్లో ఆ బల్ల ముందు నుంచి తలవంచుకుని నడిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

గత వారం ఆయన వీడ్కోలు సభకు రమ్మని అర్పితకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"రావాలనే ఉండాది సార్. చిన్నాయన ఒక్కడే ఇంట్లో ఉండలేడు. బయటికి రమ్మంటే ఈ ఊళ్ళోనే భయపడతాడు, ఇంక ఆ పక్కకు బస్సు ఎట్ల ఎక్కుతాడు? ఎప్పుడన్నా ఎక్కితే మీకే మొదట చెప్తా."

"చెప్పమ్మా. ఎప్పుడైనా సరే, చెప్పు" అన్నారు ఆయన.

శ్రీ పురుషోత్తమ్ గారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని, సుదీర్ఘ ఆయుష్షును, శ్రీమతి గారితో, పిల్లలతో ప్రశాంత జీవనాన్ని మా పాఠశాల సిబ్బంది తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఈ కోరిక మర్యాద కోసం రాసినది కాదు. ఒక భయపడిన మనిషి తనంతట తాను శిడ్లఘట్టలో బస్సెక్కి ఈ వైపు వచ్చే రోజు ఎంత దూరాన ఉందో ఎవరికీ తెలియదు. ఎన్నేళ్ళు పట్టినా ఆ రోజున, అతను దిగేచోట, కాళ్ళ మీద గట్టిగా నిలబడి ఎదురుచూసే శక్తి ఆయనకు ఉండాలి.

— దేవరాజ్, గణిత ఉపాధ్యాయుడు