బాగున్నప్పుడే పీకి చూడాలి

అందరూ వచ్చారు. ముందు ఒక్కొక్కరినీ పలకరించనివ్వండి, లేకపోతే నాకు మాట రాదు. తమ్ముడూ, మోకాళ్లు ఎలా ఉన్నాయి? మాత్ర వేసుకున్నావా, జేబులోనే ఉందా? మరదలా, రాత్రి కాస్తయినా కునుకు పట్టిందా? డాక్టరుగారూ, మీ దగ్గు ఇంకా తగ్గినట్టు లేదు. పొడుగబ్బాయీ, కళ్లజోడమ్మాయీ, మీరిద్దరూ ఏమైనా తిని వచ్చారా? ముఖాలు చూస్తే తిన్నట్టు లేదు.

నా సంగతి అడక్కండి. అలిసిపోయాను. చదువు అంతంతమాత్రం, మాటలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మన పిల్ల పోయింది. తమ్ముడి కూతురు, నా మేనకోడలు, మీ ఆసుపత్రి కంప్యూటర్ల గదికి పెద్దదిక్కు. పడుకున్నది పడుకున్నట్టే గుండె ఆగి పోయింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట నోటికి అలవాటు కావడం లేదు.

దాని పనేమిటో నాకెలా తెలిసిందో చెప్పనా? ఒకసారి కూరలో నేను ఉప్పు వేశాను. అది తెలియక మరదలు మళ్లీ వేసింది. నోట పెట్టలేకపోయాం. నువ్వంటే నువ్వని మేం వాదులాడుకుంటుంటే ఇది పడీపడీ నవ్వింది. "అత్తా, నా పనంతా ఇదే! రెండు మిషన్లు, రెండింటికీ కలిపి ఒకటే డిస్కుల పెట్టె. రోగుల రిపోర్టులన్నీ అందులోనే. ఒకటి ఆగితే రెండోది అందుకోవాలి. ఇద్దరూ ఒకేసారి ఉప్పు వేశారో, అంతా పాడు" అంది. మరి రెండెందుకే, ఒకటి చాలదా అన్నాను. "నువ్వు మంచాన పడితే వంటెవరు చేస్తారు?" అంది.

నాకు ప్రతిదానికీ భయమే. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కొస్తాను. అందరూ విసుక్కున్నారు. అది విసుక్కుందా? లేదు. "నువ్వు ఊరికే భయపడతావు, నేను జీతం తీసుకుని భయపడతాను, అంతే తేడా" అనేది.

డాక్టరుగారికి గుర్తుండే ఉంటుంది. కొత్త మిషన్లు నడుస్తున్నాయిగా, ఇక వాడేద్దాం అన్నారు మీరు. అది ఒప్పుకోలేదు. "బాగున్నప్పుడే పీకి చూడాలి సార్, పాడయ్యాక చూసేదేముంది?" అని, రెండు మిషన్లూ మాట్లాడుకునే తీగ పీకేసింది. ఏమైంది? మొదటిది బతికే ఉంది, మాట మాత్రం అందలేదు. రెండోది అది పోయిందనుకుని డిస్కులో చెయ్యి పెట్టేసింది. రెండు చేతులు, ఒకే కూర! ఉత్తుత్తి రిపోర్టులు పెట్టి చూసింది కాబట్టి సరిపోయింది. నిజమైనవైతే ఎవరి రక్తం ఎవరిదని రాసుండేదో!

ఇంటికొచ్చి, "మాట వినపడకపోతే పోయినట్టేనా అత్తా? ముందు దాని కరెంటు ఆపి, ఆగిందని తేల్చుకున్నాకే రెండోది చెయ్యి పెట్టాలి" అంది. అది పోయిన పొద్దున నేనూ తలుపు బయటినుంచి పిలిచాను. మాట రాలేదు. ఇంకా పడుకుందనుకున్నాను.

అప్పటికే మిషన్లలో ఆ తప్పు సరిచేసింది. మళ్లీ పీకి చూసే రోజు రాకముందే పోయింది.

మొన్న దాని కింద పనిచేసే ఈ పొడుగబ్బాయీ, కళ్లజోడమ్మాయీ ఇంటికొచ్చారు. "పెద్దమ్మా, ఆవిడ చేత్తో పెట్టింది మాకు ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఇక పీకం, అలాగే నడిపించేస్తాం" అన్నారు. మీ ప్రేమ నాకు తెలియనిదా? కానీ నాయనా, అది పెట్టింది కాబట్టి తప్పుండదని మీరెలా అనుకున్నారు? అదే అనుకోలేదే! మళ్లీ తప్పు బయటపడితే దాని పేరు పోతుందని భయమా? నాకూ ఉంది. చచ్చేంత ఉంది. అయినా పీకండి. ఆసుపత్రిలో పడుకున్నవాళ్లకు దాని పేరుతో ఏం పని, వాళ్ల రిపోర్టు వాళ్లకు దక్కాలి గానీ.

మళ్లీ పీకి చూశాకే కొత్తవి వాడతామని డాక్టరుగారు ఇందాక గుమ్మం దగ్గర మాటిచ్చారు. అప్పటిదాకా పాత మిషనే నడుస్తుంది.

ఇక నావల్ల కాదు. అందరూ లేచి, దాన్ని తలుచుకుని కాసేపు మాట్లాడకుండా నిలబడదాం. తమ్ముడూ, నువ్వు లేవకు, కూర్చునే తలుచుకో. అయ్యాక కన్నీళ్లు తుడుచుకుని నిదానంగా వెళ్లండి, మెట్లు నున్నగా ఉన్నాయి. పొడుగబ్బాయీ, ఆ తీగ నా ఎదుటే పీకాలి. పన్నెండో తారీఖు, బుధవారం, పొద్దున పదింటికి వస్తాను.