పేరుకోని నెత్తురు

హోసూరు ఆసుపత్రిలో నర్సమ్మ పిల్లవాడి వీపు మీద కమిలిన మచ్చలు చూసింది, తరువాత తల్లి మొహం చూసింది. పరీక్షకు వాడి చేతిలోంచి నెత్తురు తీసి, సూది గుచ్చిన చోట దూది అదిమి పట్టింది.

“ఎవరమ్మా కొట్టింది?”

“ఎవరూ కొట్టలేదు నర్సమ్మా. ఎత్తుకున్నా కమిలిపోతాడు.”

“నీ మొగుడు తాగుతాడా?”

“తాగుతాడు. అయితే బిడ్డ మీద చెయ్యి వెయ్యడు. కమిలిపోతాడని ఎత్తుకొనేదే మానేసినాడు.”

“తల్లులందరూ ఇదే చెప్తారు. పోలీసులకు చెప్పమంటావా?”

“నర్సమ్మా, దూది తడిసిపోయింది.”

నర్సమ్మ దూది మార్చింది. అదీ ఎర్రబడింది. ఇంకొకటి పెట్టేసరికి ఆమె గొంతు తగ్గింది.

“పాలకు తోడు మాదిరి, నెత్తురు పేరుకోవాలంటే ఒంట్లో కొన్ని ప్రోటీన్లు జతకూడాల. వీనికి అవి తక్కువేమో. డాక్టరుకు చెప్తాను. నీ అన్నదమ్ముల్లో ఎవరికన్నా ఇట్లుండెనా?”

“తమ్మునికుండె. పల్లు ఊడి, నెత్తురు నిలవక చచ్చిపోయినాడు. వాని ఒంటి నిండా ఇవే మచ్చలు.”

“అప్పుడు ఎవరికీ చూపించలేదా?”

“మా నాయనే కొట్టి చంపినాడని ఊరంతా అన్నారు. నేనూ నమ్మినాను. ఆయప్ప పోయేదాకా, నాయనా అని పిలవలేదు.”