పేరు మీద నల్ల టేపు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీన ఈ పోలీసు ఆయుధాగారంలో మెకానిక్కుగా చేరి, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ప్రధాన ఆయుధ పరీక్షకులుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా టేపు మాస్టారిని అభినందించే భాగ్యం, వారివల్ల అందరికన్నా ఎక్కువ విసిగిపోయిన నాకు దక్కడం సముచితమే.

వారు చేరిన ఏడవ ఏట జగమెరిగిన కంపెనీ పిస్తోళ్లు కొన్ని వచ్చాయి. పేరు చూసి, పెట్టెకొకటి కాల్చి, మాస్టారు సంతకం చేశారు. ఆరు నెలలకు ఒక కానిస్టేబులు దొంగకు ఎదురు నిలిచినప్పుడు, పేలిన తూటా తొడుగు ఇరుక్కుని ఆ పిస్తోలు మొరాయించింది. దొంగ కాల్చిన గుండు ఆయన కుడి భుజంలో దిగింది. నేడు మన గేటు దగ్గర ఎడమచేత్తో సెల్యూట్ చేసేది ఆయనే. ఆ సంతకం గురించి మాస్టారిని ఎవరూ అడగలేదు. వారు మాత్రం మరచిపోలేదు.

అక్కడి నుంచి మా కష్టాలు మొదలు.

పదేళ్ల కిందట ఒకే కొలత, ఒకే తూటా, కవలల్లాంటి రెండు పిస్తోళ్లు ఎంపికకు వచ్చాయి. ఒకటి మహా పేరున్న కంపెనీది, రెండవది ఎవరూ వినని చిన్న కర్మాగారానిది. కమిటీవారు టీ చల్లారేలోగా పేరున్నదాన్ని ఖాయం చేశారు. మాస్టారు ఒప్పుకుంటేనా! రెండింటి ముద్రల మీదా నల్ల టేపు అంటించి, దుమ్ములో పొర్లించి, నీళ్లలో ముంచి, ఒక్కొక్కదానితో రెండు వేల తూటాలు కాల్పించారు. కాల్చింది నేనే. తూటాలు నింపి నింపి బొటనవేలు బొబ్బలెక్కింది.

"ఇంకా ఎన్నాళ్లండీ ఈ గోల? ఎడమ బల్ల మీదున్నది పెద్ద కంపెనీదని పట్టుకుంటేనే తెలుస్తోంది కదా!" అన్నాను.

"అలాగా? అయితే రాసి సంతకం పెట్టు."

పెట్టాను. టేపు తీశారు. అది చిన్న కర్మాగారానిది! అది రెండుసార్లు ఆగితే, పేరున్నది పదకొండుసార్లు ఆగింది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అంటూ మాస్టారు నా కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించారు. ఈనాటికీ అక్కడే ఉంది.

పోనీ, చిన్నవాళ్లనైనా వదిలారా? "ఆ రెండుసార్లు మాత్రం ఎందుకాగింది?" అని వాళ్లనూ నాలుగు నెలలు తిప్పి, స్ప్రింగు మార్పించి, మళ్లీ నా చేతనే కాల్పించారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. అయితే ఆ పిస్తోలు ఈ తొమ్మిదేళ్లలో విధి నిర్వహణలో ఒక్కసారి కూడా మొరాయించలేదని, విసుగుతోనే అయినా, ఇక్కడ నమోదు చేయక తప్పదు.

"మిక్సీ కొన్నా ఇంట్లో ఇదే తంతు. నన్నొక్కదాన్నే ఏ పరీక్షా లేకుండా చేసుకున్నారు. ఇక తీరిక దొరికింది, ఏం చేస్తారో ఏమో!" అని వారి శ్రీమతి వాపోతున్నారు. ఆమెకు నా ప్రగాఢ సానుభూతి.

మొన్న శుక్రవారం మూడు వందల కొత్త పిస్తోళ్లు వచ్చాయి. పేరున్న కంపెనీ, బోలెడు ధ్రువపత్రాలు. "మాస్టారు వెళ్లిపోతున్నారుగా, మీరు సంతకం పెట్టేయండి" అన్నారు పై అధికారి హాయిగా. నేనూ హాయిగానే కలం తీశాను. కిటికీలోంచి గేటు కనిపించింది. ఎవరి కారుకో ఎడమచెయ్యి లేచింది.

కలం మూసి, మాస్టారి సొరుగులో టేపు కోసం వెతికాను.

వారు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ నాలుగు మాటలు రాస్తున్న బొటనవేలికి మళ్లీ బొబ్బ లేచింది. ఆ పాపం ఎవరిదో వారికి తెలుసు.