డార్కస్ ఆంటీ పప్పు

బారిడీహ్ పేటలో జెరాక్స్ కొట్టు బెంచీ మీద ఒక తండ్రీ కూతురూ డిగ్రీ దరఖాస్తులో ఏ కాలేజీ ముందో వరస నింపుతున్నారు. పెన్ను కూతురి చేతిలో ఉంది.

"హోం సైన్సుకి హైదరాబాదే ముందన్నావు కదమ్మా. ఈ ఊరి కాలేజీ ముందుకెలా వచ్చింది? ఆటో ఎక్కి వచ్చిందేటి?"

"ఇంటికి దగ్గర నాన్నా."

"ఓహో! హైదరాబాదులో ఉన్న పోషకాహారం ల్యాబు ఇక్కడుందా?"

"లేదు. ప్రయోగాలకి నువ్వున్నావు కదా. అమ్మ పోయిన కాడి నుంచి నువ్వొండే అన్నం ఒక పూట గంజి, ఒక పూట గులకరాళ్లు."

"అంటే నాకు వంట రాదని నువ్వు కాలేజీ మార్చేత్తన్నావు. డిగ్రీ నీకా, నాకా?"

"ఛోడో నాన్నా, వదిలెయ్. పక్కింటి డార్కస్ ఆంటీ రోజూ పప్పు పంపబట్టి బతికేం. నేనెళ్లిపోతే నీ ఒక్కడికీ పంపుద్దేటి?"

"ఆవిడ ఊరెళ్లి పది రోజులైంది."

"మరి ఆ పప్పు?"

"నేనే వండేను. నా పేరు చెప్తే రెండోసారి వడ్డించుకుంటావా?"

"ఉప్పు తక్కువైతే, ఆంటీకి పిసినారితనం అనుకున్నాను."

"పిసినారితనం కాదమ్మా, నా బీపీకి ఉప్పు తగ్గించేను. ఈ ఊరి కాలేజీ కొట్టేసి, హైదరాబాదు ముందు రాయి."