మొలకల కంపు

కుందూ ఏరు పొంగి చాపాడు ఊరి ఇళ్లలోకి నీళ్లొచ్చిన మూడో ఏడు అది. ప్రొద్దుటూరులోని ఒక చిన్న ల్యాబుకు చాపాడు నుంచి శనక్కాయ మొలకలు తెచ్చిచ్చే ముసలాయన సంచి దించకముందే ల్యాబు నడిపే మేడం ఎదురొచ్చింది.

“పోయినవారం నువ్వు తెచ్చిన మొలకల్లో ప్రాణం లేదు పెద్దాయనా.”

“నా విత్తనానికి వంక పెట్టొద్దు మేడం. ప్రతి గింజా మొలిచిండాది.”

“మొలిచినాక ఏం చేసినావు?”

“మిద్దెమీద రెండు దినాలు ఎండబెట్టినా.”

“ఎవురు చెప్పినారు నీకు?”

“ఒకరు చెప్పల్లా? వరదకు మూటల్లో విత్తనాలు మొలిచి, ఇల్లంతా చెడిన నూనె కంపు. అప్పట్నుంచి నేను తడి ఉంచను.”

“ఆ కంపు పుట్టించేదే నాకు కావల్సింది. మొలిచే గింజ తన నూనెను తానే అరిగించుకుంటాది. ఆ అరిగించే సరుకును పిండి తీసి, జిగురు పూసల్లో బంధిస్తాము. సబ్బుకు వాడే నూనెను ఆ పూసలే అరిగించల్ల. నీ ఎండకు అది సచ్చిపోయింది. నా పూసలు నూనెలో రాళ్లమాదిరి పడుండాయి.”

“ఎండబెట్టొద్దని ఒక్కమాట చెప్పింటే నీ నోరు అరిగిపోతాండెనా?”

“ఈ సంచిలోవీ ఎండినవేనా?”

“అవే.”

“ఎనక్కి తీసకపో. సోమవారం సబ్బుల కంపెనీవాళ్లు చూసేకొస్తారు. పూసలు పనిచేయకుంటే ల్యాబుకు తాళమే. నీ పనీ అంతే.”

“ఇంట్లో తట్టనిండా మూడుదినాల మొలకలుండాయి. ఇంకా మిద్దె ఎక్కించలేదు.”

“చేతనైతే వాటిని తడిగానే తే. కాకుంటే ఇంకొకర్ని చూసుకుంటా.”

“చూసుకోపో.”

మర్నాడు తెల్లవారగానే ఆయన తడి గోనెలో చుట్టిన మొలకలను ఒళ్లో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నాడు. కంపు భరించలేక పక్కాయన లేచి వెనక సీటుకు పోయాడు. ముసలాయన సీసా మూత తీసి, గోనెమీద ఇంకొన్ని నీళ్లు చల్లాడు.